లోపలి కణానికి ఊపిరి ఎవరు పోస్తారు?

(కణజాల ఇంజనీరింగ్, పునరుజ్జీవన వైద్యం మీద జరిగిన ప్రాంతీయ శాస్త్ర సదస్సులో మొదటి రోజు ఉదయం ఇచ్చిన ప్రసంగం)

అందరికీ నమస్కారం.

ఈ రంగం ఎక్కడ మొదలై ఎక్కడిదాకా వచ్చిందో చెప్పమని నిర్వాహకులు అడిగారు. సరేనన్నాను. తీరా రాయడానికి కూర్చుంటే పేర్లు, సంవత్సరాలు వరసగా వచ్చి పడ్డాయి. అవన్నీ మీరు చదువుకున్నవే. అందుకని ఆ కాగితాలు పక్కన పెట్టి, ఒక్క కొలత పట్టుకుని మాట్లాడదామని వచ్చాను.

ఆ కొలత 200 మైక్రాన్లు. మిల్లీమీటరులో ఐదో వంతు. రెండు మూడు తలవెంట్రుకలు పక్కపక్కన పెడితే ఎంత వెడల్పు వస్తుందో అంత.

మన ఒంట్లో ఊపిరితో ఉన్న దాదాపు ప్రతి కణమూ ఏదో ఒక రక్తకేశనాళికకు, అంటే అతి సన్నని రక్తనాళానికి, ఈ దూరంలోపే ఉంటుంది. చాలా అవయవాల్లో ఇంకా దగ్గరే. గుండె కండరంలోనైతే ఇంచుమించు కణానికొక కేశనాళిక. కణజాలాన్ని ల్యాబులో పెంచడం మొదలుపెట్టాక మనం గెలిచిన చోట్లన్నీ వరసగా చూడండి, ఈ కొలతకు లోబడి గెలిచాం. ఓడిన చోట్లు చూడండి, ఎక్కువసార్లు దీన్ని పట్టించుకోక ఓడాం. ఇది నా అభిప్రాయం. ఒప్పుకోని వాళ్లు ఈ హాల్లోనే ఉన్నారని నాకు తెలుసు, వాళ్లతో వాదించడానికే వచ్చాను.

ముందు లెక్క చూద్దాం. రక్తం అందని చోటికి ఆక్సిజన్ వ్యాపనంతోనే వెళ్లాలి. అణువులు అటూ ఇటూ కదులుతూ, ఎక్కువ ఉన్న చోటి నుంచి తక్కువ ఉన్న చోటికి పాకాలి. ఆ పాకడం దగ్గరి దూరాలకు బ్రహ్మాండంగా పనిచేస్తుంది. దూరం రెట్టింపైతే పట్టే కాలం నాలుగు రెట్లవుతుంది, పది రెట్లయితే వంద రెట్లు. పైగా దారిలో ఉన్న ప్రతి కణమూ తన వాటా తీసేసుకుంటుంది. బయటి వరసలు తీసుకోగా మిగిలిందే లోపలికి. ఆగస్ట్ క్రోగ్ వందేళ్ల కిందటే కండరంలో ఒక్కో కేశనాళిక చుట్టూ ఎంత మేర ఆక్సిజన్ అందుతుందో లెక్కగట్టాడు. కేశనాళికలు అవసరాన్ని బట్టి తెరుచుకుంటాయని చూపినందుకు 1920లో ఆయనకు నోబెల్ వచ్చింది. ఇవాళ మనం కంప్యూటర్లో వేసే మోడళ్లకు మూలం ఆ లెక్కే.

ఇంకో సంగతి, విద్యార్థులు తరచుగా మరిచిపోయేది. లీటరు ధమని రక్తం దాదాపు 200 మిల్లీలీటర్ల ఆక్సిజన్ మోస్తుంది. అందులో హిమోగ్లోబిన్ సాయం లేకుండా ఊరికే కరిగి ఉండేది 3 మిల్లీలీటర్లే. కణాలను పెంచడానికి మనం వాటి మీద పోసే పోషక ద్రవంలో, అంటే మీడియంలో, హిమోగ్లోబిన్ లేదు. గ్లూకోజ్ కావాల్సినంత ఉంటుంది, ఆక్సిజన్ మాత్రం ముందుగా అయిపోతుంది. మీడియం మార్చాం, పోషకాలకు లోటు లేదు అనుకుని మనం ఇంటికి వెళ్లిపోతాం. లోపలి కణం చచ్చేది ఆకలితో కాదు, ఊపిరాడక.

ఇప్పుడు గెలుపుల దగ్గరికి వస్తాను. 1975లో రైన్‌వాల్డ్, గ్రీన్ మనిషి చర్మపు పైపొర కణాలను ల్యాబులో పొరలుపొరలుగా పెంచే పద్ధతి కనిపెట్టారు. 1983లో ఐదారేళ్ల అన్నదమ్ములిద్దరికి ఒంటి మీద 95 శాతానికి పైగా కాలిపోయింది. వాళ్ల చంకలో మిగిలిన రవ్వంత మంచి చర్మం తీసి, దాన్నుంచి పెంచిన పొరలతో ఒంట్లో సగం మేర కప్పారు. ఇద్దరూ బతికారు. ఆ రోజుల్లో అంతగా కాలిన పిల్లలు బతకడమన్నది దాదాపు లేదు. మన రంగానికి పేరు కూడా సరిగ్గా పెట్టకముందు జరిగిన పని ఇది.

2015లో జర్మనీలో ఏడేళ్ల పిల్లవాడు. పుట్టుకతో వచ్చిన జన్యులోపం వల్ల చర్మం పొక్కులెక్కి ఊడిపోయే జబ్బు. ఇటలీలో మికేలే డె లూకా బృందం ఆ బాబు కణాల్లోకి సరైన జన్యువును చేర్చి, పొరలుగా పెంచి పంపింది. ఒంటి పైపొరలో సుమారు 80 శాతం అలా కొత్తగా వేశారు. ఆ ఫలితాలు 2017లో అచ్చయ్యాయి. నేను ఆ పేపర్ చదివిన రోజు ఇంకే పనీ చేయలేకపోయాను. ముప్పై ఏళ్లుగా మనం చెబుతూ వచ్చిన మాట ఒక పిల్లవాడి ఒంటి మీద నిజమైంది.

ఆ గెలుపు ఎందుకు సాధ్యమైందో కూడా చూడాలి. చర్మపు పైపొరలో రక్తనాళాలు ఉండవు. మందం మిల్లీమీటరులో పదో వంతు. కింద రక్తం పారే మెత్త ఉంది. పొర వేసిన మరుక్షణం నుంచి కణాలకు కింది నుంచి ఊపిరి అందుతోంది.

కంటి సంగతీ అంతే. కార్నియాకు రక్తనాళాలు లేవు, ఉంటే చూపు మసకబారేది. దాని అంచున లింబస్‌లో ఉండే మూలకణాలను పెంచి, రసాయనాలు పడి కాలిన కళ్లకు వేయవచ్చని 1997లో పెల్లెగ్రీని బృందం చూపింది. అదే దారిలో వచ్చిన చికిత్సకు 2015లో యూరప్ అనుమతి దొరికింది. మూలకణాల మందుల్లో అక్కడ అనుమతి పొందిన మొదటిది అదే. అక్కడితో ఆగకుండా 2012లో ఎల్వీ ప్రసాద్ కంటి వైద్యసంస్థ నుంచి సాంగ్వాన్ బృందం ఇంకో మాట అంది: అసలు ల్యాబులో పెంచడమెందుకు? మంచి కంటి అంచు నుంచి రెండు మిల్లీమీటర్ల ముక్క తీసి, చిన్నచిన్న తునకలుగా కోసి, ఉల్బపొర (గర్భంలో బిడ్డ చుట్టూ ఉండే పలచని పొర) మీద పరిచి జబ్బు కంటి మీదే ఉంచితే, కణాలు అక్కడే పెరుగుతాయి కదా! పెరిగాయి. ఇంక్యుబేటర్ లేదు, కోట్ల ఖర్చయ్యే క్లీన్‌రూమ్ లేదు. రోగి కన్నే ఇంక్యుబేటర్. మన రంగం మొత్తంలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన పని ఏదంటే ఇదే చెబుతాను. కణానికి ఏం కావాలో శరీరానికి మనకన్నా బాగా తెలుసని ఒప్పుకున్న పని అది.

మోకాలి మృదులాస్థి కణాలను పెంచి తిరిగి పెట్టే పద్ధతిని 1994లో స్వీడన్ వాళ్లు చూపారు. మృదులాస్థికీ రక్తనాళాలు లేవు, దాని కణాలు చాలా పొదుపుగా బతుకుతాయి. 2014లో జపాన్‌లో మసాయో తకహషి బృందం ఐపీఎస్ కణాల (మామూలు కణాలను వెనక్కి మార్చి చేసిన మూలకణాల) నుంచి పెంచి రోగి రెటీనా కింద పెట్టినది కూడా ఒకే వరస కణాలున్న పొర. చర్మం, కార్నియా, మృదులాస్థి, రెటీనా. పలచగా ఉన్నదో, రక్తం అక్కర్లేనిదో.

దీన్ని తక్కువ చేసి చెబుతున్నాననుకోకండి. పలచని పొరలే ఎందరికో చూపునూ ప్రాణాన్నీ ఇచ్చాయి. పలచగా ఉన్నంతలో ఆగి, అక్కడ బాగా పనిచేయడం గౌరవం గల పని.

అయితే ఈ రంగం పుట్టింది పలచని పొరల కోసం కాదు. జోసెఫ్ వకాంటి పిల్లల సర్జన్, కాలేయ మార్పిడి చేసేవాడు. దాత దొరక్క కళ్ల ముందే పిల్లలు పోతుంటే కాలేయాన్నే పెంచలేమా అని మొదలుపెట్టాడు. రాబర్ట్ లాంగర్ కెమికల్ ఇంజనీరు. ఇద్దరూ పనిచేసింది జుడా ఫోక్‌మన్ దగ్గర. ఫోక్‌మన్ అంటే, కొత్త రక్తనాళాలు మొలవకపోతే కేన్సర్ గడ్డ ఒకటి రెండు మిల్లీమీటర్లు దాటి పెరగలేదని 1971లో చెప్పిన మనిషి. లాంగర్ ఆయన దగ్గర మొదట చేసిన పనేమిటో తెలుసా? మృదులాస్థిలో రక్తనాళాలను రానివ్వని పదార్థమేదో వెతకడం. అంటే రక్తం అందకపోతే కణాల గుంపు ఏమవుతుందో తెలిసిన ఇంటి నుంచే మన రంగం వచ్చింది. వకాంటి వేసిన తొలి పలచని పాలిమర్ బిళ్లల మీద కాలేయ కణాలు బతికాయి, మందం పెంచితే మధ్యలో చచ్చాయి. 1980ల్లో ఒకసారి సముద్రం ఒడ్డున కూర్చుని నీళ్లలో ఊగే నాచును చూస్తుంటే, కొమ్మలుకొమ్మలుగా చీలితే కొద్ది చోటులోనే బోలెడంత ఉపరితలం వస్తుందని ఆయనకు తట్టిందట. ఆ ఆలోచనతోనే కొమ్మలు చీలిన స్కాఫోల్డులు, అంటే కణాలు పట్టుకుని పెరిగే చట్రాలు, మొదలయ్యాయి. 1993లో లాంగర్, వకాంటి కలిసి రాసిన సమీక్ష చదివి మాలాంటి వాళ్లం ఎందరమో ఈ దారిన పడ్డాం.

ఇక్కడ నా సంగతి ఒకటి చెప్పాలి. ఇన్నాళ్లూ వేదికల మీద చెప్పలేదు.

పరిశోధన విద్యార్థిగా నాది ఎముక పని. 8 మిల్లీమీటర్ల ఘనంగా పాలిమర్ స్పంజి చేసి, అందులో ఎముకమజ్జ కణాలు పోసి, మూడు వారాలు పెంచాను. బతికిన కణాలు పచ్చగా, చచ్చినవి ఎర్రగా కనిపించే రంగు వేసి కాన్‌ఫోకల్ మైక్రోస్కోపు కింద పెడితే, తెర నిండా పచ్చదనం. ఎక్కడో ఒకటీ అరా ఎరుపు. ఆ బొమ్మతో ఒక సదస్సులో పోస్టర్ పెట్టాను, బహుమతి వచ్చింది. తిరిగొచ్చాక, మా ల్యాబులో కణజాలాలను పలచని ముక్కలుగా కోసే పని చూసే పెద్దావిడ ఒకరు ఆ పోస్టర్ ముందు నిలబడి అడిగారు, "దీన్ని నడిమికి కోసి చూశావా అమ్మా?"

కోయలేదు. కోయాలని తోచలేదు.

ఆవిడే కోసి పెట్టారు. అంచున చుట్టూ కణాలు కిక్కిరిసి ఉన్నాయి, ఒక పట్టీలాగా. ఆ పట్టీ దాటితే కణాల తుక్కు. ఇంకా లోపలికి వెళ్తే ఖాళీ స్పంజి. మూడు వారాలు నేను పెంచింది ఎముక కాదు, ఖాళీ గది చుట్టూ గోడ.

ఆ రాత్రి నిద్ర పట్టక ఆలోచిస్తుంటే అర్థమైంది. స్పంజిలాంటి, కాంతి సరిగా దూరని పదార్థంలో కాన్‌ఫోకల్ మైక్రోస్కోపు ఎంత లోతుకు చూడగలదు? వంద, మహా అయితే రెండు వందల మైక్రాన్లు. కణం ఎంత లోతు దాకా బతకగలదు? అదే రెండు వందల మైక్రాన్లు. అంటే కణాలు బతికే చోటే మన పరికరానికి కనిపిస్తుంది, చచ్చే చోటు కనిపించదు. అబద్ధం చెప్పాలని ఎవరూ అనుకోనక్కర్లేదు, ఆ రెండు కొలతలు ఒకటి కావడమే చాలు, ప్రతి బొమ్మా పచ్చగానే వస్తుంది. కణాల లెక్క కోసం ముక్క మొత్తాన్ని కరిగించి డీఎన్ఏ కొలిచినా అంతే, అంచున ఉన్న గుంపు మధ్యలోని ఖాళీని కప్పేస్తుంది.

ఆ సదస్సు వాళ్లకు ఉత్తరం రాశాను. తర్వాత మా పేపర్‌లో నడిమి కోత బొమ్మే మొదటి బొమ్మగా పెట్టాం. రెండు చోట్ల తిప్పి పంపారు, మూడో చోట వేసుకున్నారు. ఆ ప్రశ్న అడిగిన ఆవిడ పేరు రచయితల్లో చేర్చాలని అప్పుడు నేను పట్టుబట్టి ఉండాల్సింది. పట్టుబట్టలేదు. ఇప్పటికీ అది నన్ను బాధపెడుతుంది.

నాది ల్యాబులో జరిగిన తప్పు, ఎవరి ప్రాణం మీదికీ రాలేదు. ఇదే తప్పు ఆపరేషన్ గదిలో జరిగితే ఏమవుతుందో మనందరికీ తెలుసు. 2011 నుంచి కొందరు రోగులకు ప్లాస్టిక్‌తో చేసిన శ్వాసనాళం మీద వాళ్ల మజ్జ కణాలు చల్లి లోపల అమర్చారు. జంతువుల్లో సరిగా పరీక్షించకుండానే అమర్చారు. ఆ గొట్టానికి రక్తం ఎక్కడి నుంచి వస్తుంది? ఈ ఒక్క ప్రశ్న చాలు ఆ ఆపరేషన్లు ఆగడానికి. ఆగలేదు. అది పెట్టించుకున్న వాళ్లలో చాలామంది చనిపోయారు. 2018లో ఆ ఆపరేషన్ల మీద రాసిన పేపర్లు కొన్ని వెనక్కి తీసుకున్నారు, 2023లో స్వీడన్ అప్పీలు కోర్టు వాటిని చేసిన సర్జన్‌కు జైలు శిక్ష వేసింది.

అదే కాలంలో బెల్జియంలో పియర్ డెలార్ అనే సర్జన్ ఏం చేశాడో పక్కన పెట్టి చూడండి. దాత నుంచి వచ్చిన శ్వాసనాళాన్ని తిన్నగా మెడలో పెట్టలేదు. ముందు రోగి ముంజేతిలో చర్మం కింద చుట్టి ఉంచాడు. కొన్ని నెలలకు ముంజేతి రక్తనాళాలు దానిలోకి అల్లుకున్నాయి. అప్పుడు ఆ నాళాలతో సహా తీసి మెడకు మార్చాడు. 2010లో దాన్ని ప్రచురించాడు. అందులో కొత్త పాలిమర్ లేదు, టీవీలో చెప్పుకోదగ్గ మెరుపూ లేదు. ముందు రక్తం, తర్వాతే అవయవం అన్న వరస మాత్రం ఉంది. ప్లాస్టిక్ శ్వాసనాళాల మీద గట్టిగా అభ్యంతరం చెప్పిన వాళ్లలో ఆయన ఒకడు. మొదట్లో ఆయన మాట వినలేదు.

మూత్రాశయం కథ ఈ రెండింటికీ మధ్యలో ఉంటుంది. ఆంథొనీ అటాలా బృందం ఏడుగురికి వాళ్ల సొంత కణాలతో పెంచిన మూత్రాశయాలు అమర్చి 2006లో ఫలితాలు రాసింది. ప్రపంచమంతా మాట్లాడుకుంది. అందులో ఒక చిన్న వివరం నాకు ముఖ్యం: పేగుల ముందు పరదాలా వేలాడే ఒమెంటం అనే పొరను, అంటే రక్తనాళాలు దండిగా ఉన్న పొరను చుట్టిన వాళ్లలోనే ఫలితం మెరుగ్గా ఉంది. తర్వాత అదే తరహా పద్ధతితో పిల్లల మీద చేసిన రెండో దశ ట్రయల్ ఫలితాలు 2014లో వచ్చాయి. మూత్రాశయం పనితీరు మెరుగుపడలేదు, తీవ్రమైన ఇబ్బందులూ వచ్చాయి. మొదటి వార్త విన్నవాళ్లలో నూటికి ఎందరు ఈ రెండో వార్త విన్నారు? ఈ హాల్లోనే చేతులెత్తమంటే ఎన్ని లేస్తాయో నాకు అనుమానమే.

ఇక మందంగా కట్టాలంటే ఏ దారులున్నాయి? నేను అన్నిటి గురించీ చెప్పను, రేపూ ఎల్లుండీ ఆ పని చేసేవాళ్లే చెబుతారు. నన్ను ఆలోచనలో పడేసినవి కొన్ని చెబుతాను.

అవయవాన్నే తీసుకుని కణాలు కడిగేసే పద్ధతి మీకు తెలుసు. 2008లో ఎలుక గుండెను దాని రక్తనాళాల గుండానే డిటర్జెంట్ పంపి కడిగి, మిగిలిన తెల్లని చట్రంలో కొత్త కణాలు పోశారు. ఎనిమిదో రోజుకు కొట్టుకుంది. పెద్ద ఎలుక గుండె బలంలో సుమారు 2 శాతం. ఆ దృశ్యం చూసి కళ్లు చెమర్చని వాళ్లు మా తరంలో తక్కువ. 2010లో అలాగే చేసిన ఎలుక ఊపిరితిత్తిని మళ్లీ ఎలుకలో పెడితే 45 నిమిషాల నుంచి రెండు గంటల దాకా పనిచేసింది. ఎందుకు అంతే? చెట్టు మొత్తం ఉంది, పెద్ద కొమ్మ నుంచి చివరి రెమ్మ దాకా. కానీ నాళం లోపలి గోడకు ఎండోథీలియం (నాళాల లోపలి వైపు ఉండే కణాల పొర) అస్తరు పూర్తిగా పడకపోతే, రక్తం ఆ బోసి గోడను తాకగానే గడ్డకడుతుంది, లేదా బయటికి కారుతుంది. గొట్టం ఉండటం వేరు, రక్తం దాన్ని తనదనుకోవడం వేరు.

పెరుగుదల కారకాలు, అంటే కణాలను పెరగమని చెప్పే ప్రోటీన్లు, ఇచ్చి రోగి నాళాలనే లోపలికి పిలుద్దామన్నది ఇంకో దారి. వాటిలో వీఈజీఎఫ్ అనేది ఒక్కటే ఇస్తే నాళాలు మొలుస్తాయి గానీ కారుతుంటాయి. పీడీజీఎఫ్ అనే ఇంకో కారకాన్ని కూడా వేరే వేగంతో విడుదల చేస్తే గోడలు గట్టిపడతాయని డేవిడ్ మూనీ బృందం 2001లో చూపింది. అయితే ఇక్కడ రెండు గడియారాలు నడుస్తుంటాయి. మొలిచే నాళం రోజుకు మిల్లీమీటరులో కొంత భాగమే సాగుతుంది. సెంటీమీటరు ఘనం నడిమికి చేరాలంటే అయిదు మిల్లీమీటర్లు, అంటే వారాలు. లోపలి కణాలకు ఉన్నది గంటలు, మహా అయితే కొద్ది రోజులు. ఎంత మంచి కారకమైనా ఈ రెండు గడియారాలను కలపలేదు.

బర్క్, యన్నాస్ 1981లో కాలిన గాయాలకు చేసిన కొల్లాజెన్ మెత్త ఈ చిక్కును ఎంత తేలిగ్గా దాటిందో గమనించండి. అందులో కణాలే పెట్టలేదు. ఖాళీ మెత్త వేసి, రెండు మూడు వారాల్లో రోగి నాళాలు అందులోకి అల్లుకున్నాక, పైన పలచని చర్మం వేశారు. చచ్చేందుకు లోపల ఎవరూ లేరు కాబట్టి తొందర లేదు. 2024 డిసెంబర్‌లో అమెరికాలో అనుమతి వచ్చిన ల్యాబు రక్తనాళం కూడా అదే కోవలోది. మనిషి కణాలతో గొట్టం పెంచి, ఆ కణాలన్నీ కడిగేసి, గాయపడిన కాళ్లకూ చేతులకూ వాడతారు. తర్వాత రోగి కణాలే వచ్చి అందులో కాపురం పెడతాయి. లారా నిక్లాసన్ పంది కణాలతో తొలి ధమనులు పెంచి చూపింది 1999లో. అనుమతి రావడానికి పాతికేళ్లు. మూడేళ్ల గ్రాంటు చేతిలో పట్టుకుని టెన్షన్ పడుతున్న పిల్లలకు ఈ అంకె గుర్తుండాలి.

టోక్యోలో షిమిజు, ఒకానో చేసిన పని దగ్గర కాసేపు ఆగుతాను. వాళ్ల పాత్రల అడుగున ఒక పాలిమర్ ఉంటుంది. 32 డిగ్రీల కన్నా వేడిగా ఉన్నంతసేపు కణాలు అంటుకుని ఉంటాయి, చల్లబరిస్తే చెక్కుచెదరకుండా పొరకు పొర లేచి వస్తుంది. అలాంటి గుండె కణాల పొరలను ఒకదాని మీద ఒకటి పేర్చారు. మూడు పొరల దాకా బాగానే ఉంది, ఆపైన పేరిస్తే లోపల చచ్చాయి. అప్పుడు వాళ్లు ఏం చేశారు? మూడు పొరలు ఎలుక ఒంట్లో పెట్టి ఒకటి రెండు రోజులు ఆగారు. నాళాలు అల్లుకున్నాక మళ్లీ కోసి ఇంకో మూడు పొరలు పెట్టారు. మళ్లీ ఆగారు. అలా పది సార్లు. చివరికి ఒక మిల్లీమీటరు మందంలో కొట్టుకునే గుండె కండరం వచ్చింది. 2006లో రాశారు.

ఒక మిల్లీమీటరు కోసం పది ఆపరేషన్లు. మనిషికి ఇలా చేయలేం, వాళ్లకూ తెలుసు. కానీ మందం అసలు ధర ఎంతో అంత నిజాయతీగా రాసిన పేపర్ నేను ఇంకోటి చదవలేదు.

ముందే నాళాలు అల్లి పెట్టడం మరో దారి. కండర కణాలతో పాటు నాళాల అస్తరు వేసే ఎండోథీలియల్ కణాలు, కణజాలాన్ని కలిపి పట్టే ఫైబ్రోబ్లాస్టులు కలిపి పెంచితే పాత్రలోనే నాళాల వల ఏర్పడుతుందని, ఎలుకలో పెట్టాక వాటిలో కొన్ని ఎలుక నాళాలతో కలుస్తాయని షులమీత్ లెవెన్‌బర్గ్ బృందం 2005లో చూపింది. ప్రింటింగ్ వాళ్లు మరోవైపు నుంచి వచ్చారు. 2012లో జోర్డన్ మిల్లర్, క్రిస్టఫర్ చెన్ బృందం పంచదార పాకంలాంటి దానితో గాజు పుల్లల వల ప్రింట్ చేసి, చుట్టూ కణాలున్న జెల్ పోసి, తర్వాత ఆ చక్కెరను కరిగించేసింది. పుల్లలున్న చోటల్లా కాలువలు మిగిలాయి. 2019లో తినే పదార్థాల్లో వాడే పసుపు రంగుతో కాంతిని అదుపు చేసి, గాలితిత్తి చుట్టూ రక్తం తిరిగే నమూనా ప్రింట్ చేశారు. చూడముచ్చటైన పని.

ప్రింటింగ్ చేసే మిత్రులకు నా ప్రశ్న ఒకటే. మీ కాలువలు ఎక్కువగా వందల మైక్రాన్లవి. కేశనాళిక పది మైక్రాన్ల లోపు, ఎర్ర రక్తకణం ఒంగి దూరాల్సినంత సన్నం. ఆ చివరి రెమ్మలను ఏ నాజిలూ గీయలేదు, కణాలే అల్లుకోవాలి. ఇక రెండో చివర సర్జన్ సూది వేసి కుట్టగలిగే, రక్తపోటుకు పగలని గొట్టం కావాలి. ఈ రెండు చివరలూ ఒకే ముక్కలో, ఒకే రోజున ఉండాలి. కుట్టు చివర పని చేసేవాళ్లు ఒక హాల్లో, రెమ్మ చివర పని చేసేవాళ్లు ఇంకో హాల్లో కూర్చుంటే అది జరగదు. ఈసారి కార్యక్రమంలో కూడా ఆ రెండు సెషన్లు ఒకే సమయంలో పెట్టారు. నిర్వాహకులు నన్ను క్షమించాలి, వీలైతే వాటిని మార్చండి.

ఆర్గనాయిడ్ల (మూలకణాల నుంచి ల్యాబులో పెంచిన బుల్లి అవయవ నమూనాల) సంగతి ఒక్క మాటలో: మెదడు ఆర్గనాయిడ్లు కూడా కొన్ని మిల్లీమీటర్లకు రాగానే మధ్యలో చచ్చిపోతాయి. ఎంత కొత్త పేరు పెట్టుకున్నా ఆ కొలత మనల్ని వదలదు.

మన అంతర్జాతీయ సంఘం ప్రపంచ మహాసభ మూడేళ్లకొకసారి జరుగుతుంది, మధ్యలో అమెరికా ఖండాల వాళ్లు, యూరప్ వాళ్లు, ఆసియా పసిఫిక్ వాళ్లు విడివిడిగా కలుస్తుంటారు. ప్రపంచ సభకు వెళ్తే అందరం మంచి బట్టలు వేసుకుని మంచి ఫలితాలు పట్టుకెళ్తాం. ప్రాంతీయ సదస్సు అలా ఉండకూడదు. ఇక్కడ హాలు చిన్నది, మొహాలు తెలిసినవి. నా ముక్క మధ్యలో చచ్చిపోయింది, నీది ఎలా బతికింది అని అడగగలిగే చోటు ఇదొక్కటే. ఆ మాట ఇక్కడ అడగలేకపోతే ఇంకెక్కడా అడగలేం, ఆ ప్రశ్న చివరికి రోగి పడక దగ్గర తేలుతుంది.

అందుకని ఇవాళ సాయంత్రం ప్రతి పోస్టర్ దగ్గరా మూడు సంగతులు అడుగుతాను, మీరూ అడగండి. ముక్క మందం ఎంత? నడిమికి కోసిన బొమ్మ ఉందా? ఒంట్లో పెట్టాక లోపలికి రక్తం చేరడానికి ఎన్ని గంటలు పట్టింది? జవాబు లేకపోతే ఫర్వాలేదు, "కోయలేదు" అని చెప్పండి. ఆ మాట చెప్పడానికి సిగ్గుపడక్కర్లేదు, ఆ మాట నేనే ముందు చెప్పాను.

రేపు మధ్యాహ్నం భోజనాల తర్వాత ఒక గంట, పనిచేయని ప్రయోగాల కోసమే ఇవ్వమని అడిగితే నిర్వాహకులు ఒప్పుకున్నారు. నిన్న రాత్రికి పదకొండు మంది పేర్లిచ్చారు. మొదటి పేరు నాది. ఆ 8 మిల్లీమీటర్ల ఘనం నుంచి ఆవిడ కోసి ఇచ్చిన స్లైడ్ ఇన్నేళ్లూ దాచుకున్నాను, ఇవాళ తెచ్చాను. హాలు బయట, టీ బల్లల పక్కన మైక్రోస్కోపు కింద పెట్టి ఉంది. ఎడమ అంచు నుంచి మొదలుపెట్టి మెల్లగా కుడికి జరపండి. మొదట కణాలు కిక్కిరిసి ఉంటాయి. తర్వాత పలచబడతాయి. ఆ తర్వాత ఏమీ ఉండవు. కంటి కటకంలోనే కొలబద్ద గీసి ఉంది. ఎక్కడ ఆగిపోయాయో మీరే చదవండి.